వెనక నుంచి పిలిస్తే

పెద్దక్కకి,

ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చారని, మళ్ళీ ట్రామ్ డ్రైవరు సీట్లో కూర్చున్నారని రాస్తే ఎంత సంబరపడ్డావో. ఒక సంగతి మాత్రం నీకు రాయలేదు. అక్కా, మీ మరిదికి చెవులు వినబడవు. కొంచెం కాదు, పూర్తిగానే. ఫిరంగుల దగ్గర పోయాయి.

ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టేస్తారు. డిపో డాక్టరు పేరూ వయసూ అడిగితే తడుముకోకుండా చెప్పారట. డిపో వాళ్ళకీ తొందరే కదా, చెవులు పరీక్షించనే లేదు. మగవాళ్ళంతా యుద్ధానికి పోయినప్పుడు ఊరు ఆగిపోకుండా మా ఆడవాళ్ళ చేత టికెట్లు కొట్టించారు. ఇప్పుడు మగవాళ్ళు తిరిగొస్తున్నారు, మమ్మల్ని ఎప్పుడు ఇంటికి పంపుదామా అని డిపో వాళ్ళు చూస్తున్నారు.

ఇద్దరిదీ ఒకే బండి. వెనక కండక్టరుగా నేను తాడు లాగితే ముందు ఆయన తల దగ్గర గంట మోగుతుంది. దాన్నిబట్టే బండి ఆగాలి, కదలాలి. మొదటిరోజు లాగాను, బండి కదల్లేదు. మళ్ళీ లాగాను. ఆయన అద్దంలో నా చెయ్యి చూసి అప్పుడు కదిలించారు. అప్పట్నుంచి తాడు లాగుతూ రెండో చెయ్యి పైకెత్తుతున్నాను. ఆయన ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆయన్ని తప్పుపట్టలేను. వాళ్ళ తాత గుర్రాలు లాగే ట్రామ్ తోలాడు. మా మామగారు ఈ ఊళ్ళో మొదటి కరెంటు ట్రామ్ నడిపారు. జనం భయపడి ఎక్కకపోతే మా అత్తగారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పారట. ఆ సీటు వదలమంటే ఈయన ఏమైపోతారు?

కానీ నిన్న వానకి అద్దం మసకబారింది. ఒక ముసలావిడ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి ఉంది. ఆగమని గంట కొడుతూనే ఉన్నాను. అద్దంలో నా చెయ్యి కనబడక ఆయన అందాజుగా బండి కదిలించేశారు. ఆవిడ రెక్క పట్టుకుని లోపలికి లాక్కున్నాను గానీ, చెప్పు చక్రం కింద పడి నలిగిపోయింది. "కళ్ళు నెత్తికెక్కాయా అమ్మాయ్?" అని ఆవిడ నన్నే తిట్టింది. మాట పడ్డాను.

నెలాఖరుకి ఆడవాళ్ళందరినీ తీసేస్తున్నామని నోటీసు అంటించారు. నా చోటికి వచ్చేవాడికి చెయ్యెత్తాలని ఎవరు చెప్తారు? రేపు పొద్దున్నే వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చెప్పేస్తాను. నువ్వు నన్ను అసహ్యించుకోకు.

నీ చిన్నది

అక్కా,

చెప్పేశాను.

మీసాల ఇన్‌స్పెక్టరు, "సొంత మొగుడి మీద చెప్తున్నావు. ఆలోచించుకున్నావా?" అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చానండి."

ఆయన్ని పిలిపించి, గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. వెనక నుంచి పేరుపెట్టి పిలిచాడు. ఇంకా గట్టిగా పిలిచాడు. డిపోలో అందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప.

బళ్ళు కడిగే పనిలో వేశారు. చాలా రోజులు నా మొహం చూడలేదు. మొహం చూడకపోతే ఆయనతో మాట్లాడే దారే లేదక్కా. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటే గోడకేసి చూస్తూ తినేవారు. ఈలోగా నా ఉద్యోగమూ పోయింది. టోపీ, సంచీ అప్పగించి వస్తుంటే ఇన్‌స్పెక్టరు, "బాధపడకమ్మా, రేపు బస్సులొస్తే ఈ పట్టాలే పీకేస్తారు" అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం.

మొన్న ఆదివారం ఆయనే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఆవిడ చెప్పు నేనూ చూశా. ఆ సాయంత్రమే చెప్పేద్దామని ఇన్‌స్పెక్టరు గది దాకా వెళ్ళా. కాళ్ళు లోపలికి రాలేదు. మొదట్నుంచీ నువ్వే చెప్తే బాగుండునని రోజూ అనుకున్నా. చెప్పాక నీ మీదే పగబట్టా."

నాకు ఏడుపాగలేదు. ఆయన నా మొహం కేసే చూస్తూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా, "నీ గొంతు ఇప్పటికీ అలాగే ఉందా?" అని అడిగారు.

"అలాగే ఉందండీ" అన్నాను.

లేదక్కా. ఇన్నేళ్ళూ జనం గోలలో స్టాపుల పేర్లు అరిచి అరిచి పూర్తిగా బొంగురుపోయింది. తలుపు చాటు నుంచి పలికితే పాలవాడు "అయ్యగారూ" అంటున్నాడు. నువ్వొచ్చినప్పుడు "నీ గొంతేమిటే ఇలా అయింది" అని ఆయన చూస్తుండగా మాత్రం అనకు. నీ పెదాలు చదివేస్తారు.

నీ చిన్నది