లాండ్రీ వెనక చిమ్మటలు

సోమవారం, పొద్దున్నే

ఇవాళ్టి నుంచి రోజుకో చిమ్మటను గుర్తుపట్టాల్సిందే! మా లాండ్రీ వెనక పెరట్లో బకెట్ తీస్తుంటే ఎండాకొకటి లేచి ఎగిరింది. ఆకు కాదు, చిమ్మట! గోధుమరంగు రెక్కలు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. ఇన్నేళ్లూ వీటిని తొక్కుకుంటూ తిరిగానన్నమాట. ఇక పెరడు ఊడవొద్దని మా ఆవిడతో చెప్పేశాను.

మంగళవారం

ఇంకోటి! రెక్కల మీద వంకర గీతలు, ఇస్త్రీ కుదరని చొక్కాలా. ఫోన్లో బొమ్మలతో పోల్చాను. పేరు తేలలేదు. ‘ముడతలమ్మ’ అని నేనే పెట్టేశాను. వీటి పిల్లపురుగులు రాలిన ఆకులే తింటాయట. పచ్చాకు జోలికే పోవు.

“బట్టల జోలికి?” అంది మా ఆవిడ.

“అస్సలు పోవు.”

“ఆ సంగతి వచ్చేవాళ్లకి మీరే చెప్పుకోండి. లాండ్రీలో చిమ్మటలంటే గుడ్డలు లాక్కుని పారిపోతారు.”

గురువారం

నిన్న హోటల్ దుప్పట్లు వచ్చిపడ్డాయి. కుదర్లేదు. ఇవాళ వాన. చిమ్మటలకూ సెలవుండాలిగా! రేపు అన్నీ కలిపి చూసేస్తే సరి.

శుక్రవారం

కొంప మునిగింది.

లాయరుగారు నల్లకోటు కోసం వచ్చారు. విప్పి చూపిస్తుంటే దాని భుజం మీద ముడతలమ్మ వాలింది! “కదలకండి సార్!” అని అరిచి ఫోటో తీశాను. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన మాత్రం జేబు పక్కన చిల్లు చూశారు.

“ఏంటయ్యా ఇది?”

“అది ఎండాకులే తింటుంది సార్.”

“నా కోటు ఎండాకులా కనిపిస్తోందా?”

కోటు కౌంటరు మీద విసిరికొట్టి వెళ్లిపోయారు. కోర్టులో సగం కోట్లు ఆయన మాట మీదే మా దగ్గరికొస్తాయి.

శనివారం

పెరడంతా ఊడ్చేశాం. చీపురు మా ఆవిడది, గోనెసంచి నాది. ఆకుల్లోంచి చిమ్మటలు లేస్తుంటే మొహం తిప్పుకున్నాను. ఇక చిమ్మటలూ వద్దు, ఏమీ వద్దు. తిండి సహించలేదు.

ఆదివారం

చిల్లు కనపడకుండా రఫూ చేద్దామని మా ఆవిడ కోటును వెలుతుర్లో పెట్టింది. “ఇటు రండి! అంచు కాలి గట్టిపడింది. పురుగు కొడితే ఇలా ఉంటుందా? సిగరెట్టండీ!”

గెలిచాం! పరుగున లాయరుగారింటికి వెళ్లాను. తలుపు తీసింది ఆయన భార్య.

“ఇంతకీ కోటుని ఏం కొట్టిందయ్యా?”

ఆవిడ వెనకాల లాయరుగారు నాకేసి దణ్ణాలు పెడుతున్నారు. ఆయన సిగరెట్లు మానేశారని ఆవిడ నమ్మకం మరి.

 “చిమ్మటేనమ్మా” అనేశాను.

ఛీ. నమ్మినవాటినే అమ్ముకున్నాను.

సోమవారం

షాపు తెరిచేసరికి లాయరుగారు! కోర్టు కోట్లన్నీ ఎప్పట్లాగే మాకేనట.

“ఏదీ, నా బదులు శిక్షపడ్డ ముద్దాయిని చూపించవయ్యా.”

పెరట్లో చెట్టు అప్పుడే మళ్లీ నాలుగాకులు రాల్చింది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. ఒక ఆకు అడుగున ముడతలమ్మ తలకిందులుగా పట్టుకుని ఉంది.

“అబ్బ! దాని దర్జా చూశావా?” అంటూ ఆయన సిగరెట్ తీశారు.

“సార్! ఎండాకులు!”

గబుక్కున జేబులో దాచేశారు.

ఇవాళ్టి నుంచి మళ్లీ రోజుకో చిమ్మట. ఆయన కూడా ఇవాళ్టి నుంచి నిజంగానే సిగరెట్టు మానేస్తారట. ఎవరి వ్రతం ముందు చెడుతుందో చూడాలి.