పడవకు తూము

హిందూపురం,
కార్తీక మాసం, మొదటి వారం

ప్రియమైన బామ్మర్ది గంగాధరకు,

ఈ ఉత్తరాన్ని నీ దుకాణానికి వచ్చే పార్సిలులో పెట్టి బస్సుకు వేస్తున్నాను. ఫోను చేయవచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు, స్పీకరు పెట్టనిదే వినపడదు. స్పీకరు పెడితే మీ అక్క వెంకటలక్ష్మమ్మ వంటింట్లోంచే జవాబులు చెబుతుంది. ఈ విషయంలో ఆమె జవాబేమిటో నాకు ముందే తెలుసు కాబట్టి కాగితం మీదికి దిగాను.

విషయమేమంటే, నేను పడవ కొన్నాను.

మళ్ళీ చదువుకో. పడవే. బెంగళూరు అవతల ఒక రిసార్టు మూసేస్తూ సామానంతా అమ్మేశారు. నేను వెళ్ళింది ఇనుప గేటు కోసం. గేటు పక్కన ఇది బోర్లా పడి ఉంది. గేటు మరిచిపోయి దీన్ని లారీకెక్కించాను. ఇప్పుడు మన హార్డువేరు దుకాణం వెనక గోడౌనులో ఉంది. మీ అక్కకు నీళ్ళ తొట్టి అని చెప్పాను. అది పూర్తి అబద్ధమేమీ కాదు.

కోపం తెచ్చుకోవద్దు, ఇది నీ బిడ్డ సుధ కోసమే. పెళ్ళికి ముందు ఫోటోలు నీళ్ళ మీద తీయించుకోవాలని ఉంది మామా అని పిల్ల నోరు తెరిచి అడిగింది. పెనుకొండ అవతలి చెరువు కాలువ నీళ్ళతో నిండి సముద్రంలా ఉంది కదా! సరేనని మాట ఇచ్చేశాను.

పడవకు ఒక పక్క పెద్ద బీట. దాన్ని పైపులకు పూసే ముద్దతో పూడ్చి, పైన తారు పట్టించాను. నేను చదివింది కొద్ది తరగతులే అయినా, పొట్లాలు కట్టే కాగితాలన్నీ చదివాకే కట్టినవాణ్ణి. నాకు తెలియని రిపేరు లేదు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది. పడవ చదునుగా ఉండే చివర, అడుగున, ఇత్తడి మరబిళ్ళ పెట్టిన బెజ్జం. తూము గంగాధరా, తూము! లోపలికి నీళ్ళు వస్తే బయటికి వదలడానికి. మన పెద్దవాళ్ళు చెరువుకు పెట్టిన తెలివినే ఎవరో మహానుభావుడు పడవకు పెట్టాడు.

నీ మేలు కోరే, ఇంజనుకై వెతుకుతున్న
బావ అశ్వత్థనారాయణ


ధర్మవరం,
ఉత్తరం అందిన రోజే

ప్రియమైన బావా,

నీ ఉత్తరం దుకాణంలో, పెళ్ళివారికి చీరలు పరిచి చూపిస్తుండగా విప్పాను. ‘పడవ కొన్నాను’ దగ్గర నా నోట్లోంచి ఏదో కేక వచ్చిందట. ఆ పెళ్ళికూతురి తల్లి భయపడి, చీరలో ఏమైనా లోపముందా అని అడిగింది.

బావా, నువ్వు మా ఇంట్లో గీజరు బాగు చేసిన నాడు కొళాయి తిప్పితే హాల్లో ఫ్యాను తిరిగింది. ఆ తర్వాత కరెంటు మనిషి వచ్చి గోడనంతా చూసి, ఇది ఎట్లా సాధ్యమైందని మాకే దండం పెట్టి పోయాడు. అప్పుడు అంతా నేల మీద ఉన్నాం కాబట్టి నవ్వుకున్నాం.

ఇప్పుడు నవ్వే ధైర్యం నాకు లేదు. ఎన్ని సంబంధాలు తెచ్చినా తల అడ్డంగా ఊపిన సుధ, ఈ రవితేజను చూశాక తనే వచ్చి, ‘నాయనా, ఈ పిల్లోడైతే సరే’ అంది. ఆ మాట కోసం నేనెంత ఎదురు చూశానో నీకు తెలుసు. పిల్లవాడు మంచివాడే. వాళ్ళ నాయన ఈశ్వరప్ప సంగతే నా భయం. నీ ఊళ్ళోనే పట్టుగూళ్ళ వ్యాపారం చేసే మనిషి, నాకంటే నీకే బాగా తెలుసు. తనకంటే ముందు ఇంకెవరికో కాఫీ ఇచ్చారని, తాంబూలాల దాకా వచ్చిన సంబంధాన్ని వదులుకుని లేచిపోయిన మనిషి! ఆయన మర్యాదకు మన వల్ల చిన్న గీటు పడితే నా బిడ్డ మనసు విరిగిపోతుంది.

పడవను తొట్టిగానే ఉంచు. లేదూ, నీళ్ళలో వేసేదే ఉంటే ముందు పరీక్ష చేసి చూడు.

దండం పెట్టి చెబుతున్న
నీ గంగాధర


హిందూపురం,
కార్తీక పౌర్ణమి వెళ్ళాక

ప్రియమైన పిరికి బామ్మర్దికి,

నీ భయాలన్నీ తీరిపోయే వార్త. పడవ సిద్ధం.

ముందు ఇంజను సంగతి. చేలకు మందు కొట్టే యంత్రం ఇంజనుకు పాత లారీ ఫ్యాను తగిలించాను. నీళ్ళలో ముంచే పని లేదు, గాలి తోస్తే పడవ పోతుంది. యాడ బిగించాలన్నది ప్రశ్న. బండికి ఎద్దులు ముందుంటాయా, వెనకుంటాయా? అందుకని ముక్కు మీద బిగించాను. పడవను చక్రాల చట్రం మీద పెట్టి స్టార్టు చేస్తే, ముక్కు ముందుకు పోవడం మాని, చదునైన వీపును ముందు పెట్టుకుని గోడౌను తలుపు దాకా పరుగెత్తింది. తలుపు ఇప్పుడు లేదు.

ఇంకొకడైతే ఇంజను ఊడదీసి మళ్ళీ బిగించుకునేవాడు. నేను కుర్చీలు తిప్పాను. పడవ ఎటు పోతే అటే మొహం పెట్టి కూర్చుంటే అది ముందుకు పోయినట్టే గదా! నాలుగు ఇనుప కుర్చీలనూ అడుగుకు బోల్టులతో బిగించి ఉన్నాను. వాటిని ఊడదీసి, తిప్పి, మళ్ళీ కొత్త బెజ్జాలు వేసి బిగించాను. పాత బెజ్జాల్లో మైనం కూరాను.

నువ్వు చెప్పిన పరీక్ష కూడా చేశాను. ట్యాంకరు తెప్పించి పడవ నిండా నీళ్ళు పోయించాను. తూము తిప్పగానే గలగలమని మొత్తం బయటికి పోయాయి! చూడటానికి వచ్చిన పక్క దుకాణం రామాంజినేయులు చప్పట్లు కొట్టాడు. బోల్టుల దగ్గర కొంచెం చెమట పట్టింది, అంతే. పట్టనీ, తూము ఉంది కదా.

మీ అక్కకు తెలిసిపోయింది. తొట్టికి కుర్చీలెందుకని అడిగింది. జవాబు ఆలోచించేలోపు దొరికిపోయాను.

విజయగర్వంతో,
మీ బావ


ధర్మవరం,
ఆ మరుసటి వారం

ప్రియమైన బావా,

నీ పరీక్షలో ఏదో తేడా కొడుతోంది. ఏమిటని అడిగితే చెప్పలేను. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ అక్కడే ఆగాను.

కానీ ఇక నా చేతిలో లేదు. సుధ రవితేజకు చెప్పింది, రవితేజ వాళ్ళ నాయనకు చెప్పాడు. ఈశ్వరప్ప ఫోను చేసి, నేనూ ఎక్కుతానన్నాడు! ‘తూముండాదంటనే! అయితే ఏం భయం లేదప్పా. మా ఊరి చెరువు నిండితే మొదటి తూము ఎత్తేది మా ఇంటి పెద్ద చెయ్యే. మా తాత, మా నాయన, ఇప్పుడు నేను’ అని చాలాసేపు చెప్పాడు. పుట్టిన ఊరి నుంచి తనవాళ్ళను కూడా తెస్తున్నాడట. పడవకు పసుపు కుంకుమ పెట్టి, రాహుకాలం రాకముందే నీళ్ళలోకి దించాలట.

ఆదివారం గట్టు మీద ఉంటాను. నేను మాత్రం ఎక్కను.

గుండె చేతిలో పట్టుకున్న
నీ గంగాధర


నల్లచెరువు, హరిణి వాళ్ళ ఇల్లు,
ఆ ఆదివారం తర్వాత

ప్రియమైన గంగాధరా,

మీ అక్క నన్ను ఇంటికి రావద్దంది. సుధ పెళ్ళి నిలబడిందన్న కబురు వచ్చేదాకా గడప తొక్కకూడదట. అందుకని కూతురి పంచన చేరి, ఇక్కడి నుంచి రాస్తున్నాను. హరిణి అన్నం పెడుతోంది కానీ నా మొహం చూసి మాట్లాడటం లేదు. అల్లుడు మాత్రం గదిలోకి పోయి నవ్వుకుని వస్తున్నాడు.

గట్టు మీద నుంచి నీకు కనిపించనిది చెబుతాను. ఫోటోల మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు. రాహుకాలం వచ్చేస్తుందని ఈశ్వరప్ప తొందర పెట్టడంతో, ఒక చుట్టు తిరిగొద్దామని బయలుదేరాం. తూము పక్కనే ఆయన, నడుమ పిల్లలిద్దరూ, ఈ చివర ఇంజను పట్టుకుని నేను. కొంతదూరం ఎంత బాగా పోయిందనుకున్నావు! సుధ మొహం చూస్తే జన్మ ధన్యమనిపించింది. అప్పుడు రవితేజ, ‘మామా, కాళ్ళు తడిసినాయి’ అని అరిచాడు. చూస్తే కుర్చీ కాళ్ళ దగ్గర నీటి బుగ్గలు లేస్తున్నాయి. నా మైనం ముక్కలు నీళ్ళ మీద తేలుతున్నాయి.

భయం లేదు, తూముందన్నాను. తూము తిరిగింది.

గంగాధరా, లోపలి నీళ్ళు బయటికి పోతాయనుకుంటే, బయట ఉన్న చెరువు లోపలికి వచ్చింది! నిలువుగా లేచి ఈశ్వరప్ప మొహాన కొట్టింది.  తూము తప్పేమీ లేదు, దానికి తెలిసిన పనే చేసింది. నీళ్ళు ఎక్కువ ఉన్నవైపు నుంచి తక్కువ ఉన్నవైపుకు వదిలింది. నీళ్ళు ఎటున్నాయో చూసుకోవలసింది మనిషి. చెరువులో నీళ్ళు లోపలుంటాయి, పడవకు బయటుంటాయి. ఇంత చిన్న సంగతి ఇంత వయసొచ్చినా నా బుర్రకు తట్టలేదు.

పడవ మునిగినచోట నడుము లోతే కాబట్టి బతికాం. పట్టు చీరలో నీ బిడ్డ, పట్టు పంచెలో ఆయన, పీకల్దాకా తడిసి నిలబడితే, గట్టు మీద ఆయన ఊరివాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. నేను గట్టుకు వినపడేట్టు కేక పెట్టాను: ‘నేనే తిప్పినానప్పో! తప్పంతా నాదే!’ ఇప్పుడూ అదే చెబుతున్నాను. తూము తిప్పింది నేనే. ఎవరడిగినా అట్లాగే చెప్పు.

ఈశ్వరప్ప ఒక్క మాట అనలేదు. కారెక్కి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఫోను ఎత్తుతున్నాడా? సుధ అన్నం తింటోందా?

తల ఎత్తలేని
మీ బావ


ధర్మవరం,
నిన్న సాయంత్రం జరిగింది ఈ ఉదయం రాస్తున్నాను

ప్రియమైన బావా,

ఆయన ఫోను ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సుధ మా ఎదుట ఏదో నాలుగు మెతుకులు తిని లేచిపోయేది. సంబంధం పోయిందనే అనుకున్నాను. నీ మీద నాకు వచ్చిన కోపం గురించి ఇప్పుడు రాయను.

నిన్న సాయంత్రం ఈశ్వరప్ప ఒక్కడే దుకాణానికి వచ్చాడు. కాఫీ తెప్పిస్తే వద్దన్నాడు. నేను ముందున్న చీర మడతపెట్టసాగాను.

‘ఏమప్పా గంగాధరా, ఆ పొద్దు తూము తిప్పింది యారనుకుంటాండావు?’

‘మా బావేనన్నా. తప్పయిపోయింది, ఆయప్ప తరపున నేను...’

‘మీ బావ కాదు. నేను.’

బావా, నేను మడతపెడుతున్న చీర అట్లాగే చేతిలో ఉండిపోయింది. ఇంజను పట్టుకుని ఈ చివర ఉన్నవాడి చెయ్యి ఆ చివర తూము దాకా ఎట్లా పొడుగైందని, నీ ఉత్తరం చదివినప్పుడే నాకు తట్టి ఉండాలి. తట్టలేదు.

‘నీళ్లొస్తాండాయి అనంగానే మీ బావ ఇంజను వదిలేసి రాబోయె. నువ్వుండప్పా, మొదటి తూము ఎత్తేది మా చెయ్యి అని నేనే దండం పెట్టుకుని తిప్పితి. తిప్పితే ఏమాయ? మా ఊరోళ్లందరి ముందర చెరువు నా మొగాన కొట్టె. మూడు తరాల పేరు నీళ్లపాలు అని నేను బిత్తరపోయి నిలబడుంటే, మీ బావ నేనే తిప్పినానని అరిచె. నేను నోరు తెరవలా. ఇంటికి పోయినాకా తెరవలా. నువ్వు ఫోను చేసినప్పుడంతా, యా మొగంతో ఎత్తేదని ఊరకుంటి.’

‘సంబంధం, అన్నా?’ అన్నాను. 

‘సంబంధం పోయిందని యారు చెప్పిరి నీకు? నా మర్యాద కోసం అంత నింద నెత్తినేసుకున్నోళ్ల ఇంటి పిల్ల కాక, ఇంకే పిల్ల కావాల మాకు? నిశ్చితార్థంలో మొదటి తాంబూలం నాకు కాదు, మీ బావకే. నా చేత్తో నేనిస్తా. ఈ మాట మాత్రం మీ బావకు తప్ప యారికీ చెప్పొద్దు, మా ఊరిదాకా పోతాది.’

అప్పుడడిగి తాగాడు కాఫీ.

సుధను పిలిచి అడిగాను. ‘నాకూ తెలుసు నాయనా. నీళ్లల్లో నిలబడి మామ నా తట్టు చూసి తల అడ్డంగా ఊపె, చెప్పొద్దని. అందుకే నోరు కుట్టేసుకుంటి. రవికీ తెలుసు, వాళ్ళ నాయనే చెప్పాలని కాచుకునుండాడు’ అంది. అని, ఇన్నాళ్ళకు కడుపు నిండా తింది.

పడవ బెజ్జానికి తూమని పేరు పెట్టింది, అడుగంతా జల్లెడ చేసింది నువ్వే. ఆ లెక్క మన మధ్య అట్లాగే ఉంటుంది. ఈశ్వరప్పకు ఇచ్చిన మాట ఒక్కచోట తప్పాను. రాత్రి అక్కకు ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను.   అంతా విన్నాక నెమ్మదిగా అంది:

‘ఆయప్పకు తప్పు చేసేది వచ్చని తెలుసు గానీ గంగా, ఇంకొకరి తప్పు మోసేది కూడా వచ్చా! ఇంతకాలం కాపురం చేస్తి, నాకు తెలీకపాయె. పొద్దున్నే బస్సెక్కమని రాయి.’

ఇట్లు,
అక్క మాటే రాసి పంపుతున్న
నీ గంగాధర