పటికబెల్లం తీపి కిందకి రాదు

3 మే 1998, వేటపాలెం
పై వరస ముందు పన్ను పుచ్చింది. చీరాలలో పళ్ళ డాక్టరు నాగేంద్రబాబుగారు చూశారు.
"మీరావలిగారూ, మనం తిన్న పంచదారని నోట్లో సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయండి. ఆ పనికి ఎనొలేజ్ అనే ఎంజైము కావాలి. పేస్టులో ఫ్లోరైడ్ దాన్ని పట్టి ఆపుతుంది. రెండు పూటలా తోమి ఉమ్మేయండి, పుక్కిలించొద్దు. తీపి మానేయండి. లేదంటే పన్ను తీసేయాలి."
ముందు పన్ను లేకపోతే నాదస్వరం మీద పెదవి నిలవదు. జూన్ 5న రేడియో ఆడిషన్. ఇరవై ఏళ్ళ ఎదురుచూపుకి వచ్చిన పిలుపు. రేపటి నుంచే మొదలు.

4 మే
తోమాను. టీలో పంచదార బంద్. మా ఆవిడ నసీమున్నీసా నా మొహం చూసి "ఎవరన్నా పోయారా?" అంది. ఎనొలేజ్‌గారి ఉద్యోగం పోయింది, అంతే.

8 మే, మార్టూరు
క్వారీవాళ్ళ పెళ్ళి. లడ్డు ముట్టలేదు. డోలు యలమందయ్య నా వాటా కూడా తిన్నాడు, నా ఎదురుగానే, తీరిగ్గా.
బుగ్గన పటికబెల్లం ముక్క మాత్రం ఉంది. గొంతు కోసం. అది తీపి కాదు, మందు. మా గురువుగారూ రోజంతా అదే చప్పరించేవారు. చివర్లో ఆయనకి ఒక్క పన్నూ లేదు. అది వేరే సంగతి.

12 మే
తోమలేదు. కారణాలు: కరెంటు లేదు. బ్రష్షు కనపడలేదు. వెతకలేదు కూడా.

17 మే, కనిగిరి
ఇక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువట. అందుకని రెండు లడ్లు తిని మూడు గ్లాసుల నీళ్ళు తాగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.
పెళ్ళికూతురి తాతకి ఈ మాట చెప్పాను. ఆయన పళ్ళన్నీ గోధుమరంగు మచ్చలు, మోకాళ్ళు వంగవు. "ఈ నీళ్ళు మందైతే నేనిట్టా ఎందుకున్నానయ్యా?" అన్నాడు. చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

24 మే
సలుపు. మళ్ళీ చీరాల.
"తీపి మానేశారా?"
"పూర్తిగానండి."
నసీమున్నీసా నా జేబులోంచి పటికబెల్లం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "మరిదేంటో అడగండి డాక్టరుగారూ."
డాక్టరు నవ్వలేదు. "ఇదీ పంచదారేనండి, గడ్డకట్టింది. రోజంతా బుగ్గన ఇది పెట్టుకుంటే ఫ్లోరైడ్ మాత్రం ఎంతకని ఆపుతుంది?"
పన్ను తీసేశారు.

5 జూన్
ఆడిషన్. రెండో నిమిషంలో పెదవి జారింది. ఆపేశాను. వాళ్ళు మర్యాదగా టీ ఇచ్చారు.

6 జూన్, ఉదయం 6
సాధన చేయలేదు. పక్కింటి సుబ్బరావమ్మ గోడ దగ్గరికొచ్చింది. "ఏం మీరావలన్నా, ఇయ్యాల సన్నాయి లేదు? అది ఇనపడితేనే మా పిల్లల్ని లేపుతా. బడి బస్సు పోయింది" అంది.
బళ్ళు వేసవి సెలవుల్లో ఉన్నాయి. ఆమె పిల్లలు ఇంకా నిద్రలోనే ఉన్నారు. నన్ను వాయించమనడానికి అబద్ధం చెప్పింది. లోపలికెళ్ళి ఏడ్చాను.
ఇంకా ముప్పై ఒక్క పళ్ళున్నాయి. తోమాను. సన్నాయి తీసి పెదవిని కొంచెం పక్కకి పెట్టి ఊదాను. మేక అరిచినట్టు వచ్చింది. గోడ అవతల ఎవరూ నవ్వలేదు.
మొదటి రోజు.