నాయిన బేరం చేసిన స్కూటరు

తార్నాక, హైదరాబాదు,
శుక్రవారం.

అన్నకు నీ తమ్ముడు యాదగిరి మొక్కులు.

అమ్మ, వదిన, పిల్లలు, నువ్వు అందరూ ఒంట్లో బాగున్నారని, మన దిక్కు వాన పడ్డదని తెలిస్తే నాకు సగం దిగులు తీరుతుంది. మా క్షేమం సంగతి నిన్న వేసిన కార్డులో రాశాను. నాయిన బాగున్నాడు, స్కూటరు కొన్నాము అని అందులో ఉంది. ఆ కార్డు అమ్మకూ, ఇంటికి వచ్చినవాళ్ళకూ చదివి వినిపించు. ఈ కవరు ఇంట్లోనే విప్పి ఉంటే చదవడం ఇక్కడితో ఆపి, మడిచి జేబులో పెట్టుకో. బాయి దగ్గరికి పోయి ఒక్కడివే చదువుకో. నువ్వు కూడబలుక్కుని చదవాలని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

నాయిన గొంతు సంగతి ముందు చెప్తాను. ఉగాది తర్వాత నువ్వు బస్సెక్కించి పంపినప్పుడు బొంగురుగానైనా మాట వచ్చేది. ఇప్పుడు నోటి దగ్గర చెవి పెడితే గానీ వినపడదు. పెద్దాసుపత్రిలో వారానికి మూడు రోజులు గొంతు పుండుకు కరెంటు పెట్టారు గదా, ఆ చోట చర్మం నల్లగా కమిలిపోయింది. చుట్ట మానేశాడు. మనం ఎన్నేళ్ళు మొత్తుకున్నా కాని పని అట్లా అయింది. పొద్దున గ్లాసెడు తైదల జావ, సాయంత్రం గ్లాసెడు, అందులోనూ సగం నాకే మిగులుతుంది. ఇక్కడ కొన్న రాగి పిండిలో ఇసుక తగులుతున్నది, ఇంట్లో విసిరింది ఉంచమని వదినకు చెప్పు.

నా పని ఎప్పటిదే. యూనివర్సిటీ ల్యాబులో సీసాలు కడగడం, సార్లు అడిగినవి అందించడం. సాయంత్రం సిటీలో కాలేజీకి పోయేవాణ్ణి గదా, నాయిన వచ్చినప్పటి నుంచి పోలేదు. ఎండలు తగ్గాయి గానీ ఉక్క పోలేదు. నాలుగేళ్ళు ఈ గదిలో ఒంటరిగా ఉన్నాను, ఎప్పుడూ ఇంత ఒంటరిగా అనిపించలేదు. పక్కన నాయిన ఉండగా అనిపించింది. మొన్నటి దాకా ఆయనకు నిజం చెప్పలేకపోయాను, అబద్ధం చెప్పి మొహం చూడలేకపోయాను, ఇంక మాటలేం మిగులుతాయి చెప్పు.

స్కూటరు ఎందుకని నువ్వు అడుగుతావు. పోయిన నెల ఆసుపత్రి నుంచి వస్తుంటే బస్సు కిటకిటలాడుతున్నది. తార్నాకలో నేను దిగాను, నాయిన వెనక చిక్కుకున్నాడు. బస్సు కదిలింది. ఆపమని అరవడానికి ఆయనకు గొంతు లేదు. నేను వెనక పరుగెత్తాను, అందలేదు. ఇంకో బస్సు పట్టుకుని పోతే మౌలాలిలో గుట్ట కింద, రోడ్డు పక్కన, తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. నాకు మాత్రం కోపం వచ్చింది, ముందే తలుపు దగ్గరికి రావద్దా అని అరిచాను. నా కోపం నీకు తెలుసు గదా. ఇప్పటికీ ఆ మాట నన్ను తింటున్నది.

ఆ రోజే బండి కొనాలనుకున్నాను. కాలేజీకి పోవడానికని నాయినకు చెప్పాను. కొత్త స్కూటరుకు పేరు రాయించుకుంటే మన వంతు ఎన్నేళ్ళకు వస్తుందో చెప్పేవాడు లేడు, కాబట్టి వాడిందే వెతకాలి. నా జీతానికి బండి కొనడం ఒక ఎత్తయితే, రోజూ పెట్రోలు పోయడం ఇంకో ఎత్తు. రోడ్డు మీద ఎవరి బండి ఆగినా దగ్గరికి పోయి లీటరుకు ఎంత దూరం వస్తుందని అడిగేవాణ్ణి. ల్యాబులో నన్ను చూస్తే జనం నవ్వడం మొదలుపెట్టారు.

మొదట లాలాగూడలో ఒక రైల్వే ఫిట్టరు మోటారు సైకిలు అమ్ముతున్నాడంటే పోయాము. నాయిన నేనూ వస్తానన్నాడు. ఫిట్టరు బండి స్టార్టు చేసి, "దమ్ము చూడు తమ్మీ, ముగ్గురు కూసున్నా గుట్ట చడావు ఎక్కుతది," అన్నాడు. నాయిన దాని చుట్టూ తిరిగాడు, వంగి కడుపు కింద చూశాడు, నా చెవి దగ్గరికి వచ్చి, "గింత అరుస్తున్నది, మేత గూడ గింతనే ఉంటది. వద్దు," అన్నాడు. అడిగితే నిజమే, స్కూటరు పోయే దూరంలో అది సగానికి కొంచెం ఎక్కువ పోతుందట.

ఆ తర్వాత మా యూనివర్సిటీ క్వార్టర్సులోనే ఉండే మూర్తిగారి స్కూటరు చూశాము. కోస్తా ఆయన, మా డిపార్టుమెంటులో లెక్చరరు, ఇల్లు ఎంత నీటుగా ఉంటుందో స్కూటరూ అంతే. నాయిన ఎద్దును చూసినట్టే చూశాడు. ముందు నుంచి చూశాడు, వెనక్కి పోయి చూశాడు, చక్రం మీద అరచేయి పెట్టి నొక్కాడు, సీటు మీద తట్టాడు. హాస్టలు పిల్లలు ఇద్దరు నిలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నాయినా, ఇది ఎద్దు కాదు," అన్నాను పళ్ళ బిగువున.

"ఎద్దయితే ఏంది, బండైతే ఏంది. తిండి వెట్టేటోడు సూసుకోవాలె గద," అన్నాడు. పెట్రోలులో కొంచెం నూనె కలిపి పోయాలని మూర్తిగారు చెప్తే, "కుడితిల తవుడు కలిపినట్టే," అని తల ఊపాడు.

మూర్తిగారు మంచి మనిషి. "మైలేజీ సంగతి నేను చెబితే మీరు నమ్మక్కర్లేదండీ, మీరే కొలుచుకోండి," అన్నారు. ట్యాంకు ఖాళీ చేయించి, ల్యాబు నుంచి తెచ్చిన కొలత సీసాతో పావు లీటరు పోశాను. క్యాంపసు రోడ్డు చుట్టూ తిప్పాను. నాలుగో చుట్టులో లైబ్రరీ దాటాక మూడో దీపస్తంభం దగ్గర ఆగిపోయింది. తోసుకుంటూ వచ్చి చెప్తే నాయిన ఒప్పుకోలేదు. "ఉత్తగ నడిపితె ఏం తెలుస్తది? బరువు గట్టి సూడాలె," అని తానే వెనక ఎక్కి కూర్చున్నాడు.

మళ్ళీ పావు లీటరు పోసి, నాయినను కూర్చోబెట్టుకుని అవే చుట్లు తిప్పాను. ఆ మూడో స్తంభానికి నాలుగడుగుల ఇవతల ఆగింది. "చూశారా, డబుల్స్ వెళ్ళినా తేడా లేదు, భలే బండండీ," అని మూర్తిగారు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. స్కూటరుకు స్టాండు వేస్తుంటే అప్పుడు తట్టింది అన్నా. వెనక ఒక మనిషి కూర్చుంటే తేడా తెలియకపోవడం బండి గొప్పతనం కాదు. వడ్ల బస్తా ఒక్కడే భుజాన వేసుకుని గట్టు ఎక్కిన మనిషి ఆయన. నా కళ్ళల్లో నీళ్ళు చూసి ఎండ పొడిచిందనుకున్నారు మూర్తిగారు. నాయిన మాత్రం సీసా వంక చూసి, "నాకంటె తక్కువ తినేది దొరికింది పో. కొను," అన్నాడు.

ఇక బేరం. నాయిన భుజం మీది తువ్వాలు తీసి, మూర్తిగారి చేయి పట్టుకుని దాని మీద కప్పాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. లెక్చరరు గారికి ఏం తెలుస్తుంది ఈ వేళ్ళ లెక్క అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వి, "మా తాతగారు సంతలో ఇలాగే చేసేవారండీ," అన్నారు. ఇద్దరూ తువ్వాలు కింద అంకెకు అన్ని వేళ్ళు చొప్పున పట్టుకుంటూ, వదులుతూ, ఒక్క మాట లేకుండా బేరం కుదుర్చుకున్నారు. గొంతు పోయినా ఆ పని ఆయనకు ఏమాత్రం తగ్గలేదు. మనిద్దరినీ సంతకు తీసుకుపోయినప్పుడు నాయిన ఏం చెప్పేవాడో నీకు గుర్తుందా? చుట్టూ ఎందరున్నా తువ్వాలు కింది మాట ఇద్దరికే తెలుస్తది, అక్కడ అబద్ధం పట్టినోడు మల్ల సంతకు రావద్దు అనేవాడు.

ఇప్పుడు మొన్న బుధవారం సంగతి. డాక్టరు నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. ఇక కరెంటు పెట్టి లాభం లేదు, ఇంటికి తీసుకుపోయి ఆయనకు ఇష్టమైనది పెట్టండి అన్నాడు. ఎన్నాళ్ళు అని అడిగాను. మూడు నెలలు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. బయటికి వచ్చి నాయినతో, పుండు మానిందట, ఇక రానక్కర లేదట అని చెప్పాను. ఆయన సరేనని తల ఊపి స్కూటరెక్కాడు.

క్యాంపసులో దిగుడు వస్తే పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేస్తాను, అలవాటైంది. ఆ చప్పుడు ఆగగానే భుజం మీద తట్టాడు. ఆపాను. దిగి కల్వర్టు గోడ మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోమన్నాడు. తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. లోపల తన చేయి చాచి ఉంచాడు, అంతే, నన్ను పట్టుకోమని. ఎన్ని నెలలు అని అడుగుతున్నాడని నాకు అర్థమైంది.

నేను ఐదు వేళ్ళూ పట్టుకున్నాను.

నాయిన నా మొహం వంక చూశాడు. సంతలో పళ్ళు రాలిన ఎద్దును కోడె అని చెప్పేవాణ్ణి చూసినట్టు చూశాడు. చేయి విడిపించుకుని మళ్ళీ చాచాడు. అప్పుడు మూడు పట్టుకున్నాను అన్నా. ఈసారి ఆయనే నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. బేరం కుదిరినప్పుడు నొక్కినట్టు ఒకసారి నొక్కి, తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. నేను ఏడుస్తుంటే వీపు నిమిరాడు.

"పెద్దోన్ని రమ్మను. ఇంటికి పోత," అన్నాడు. లేచి స్కూటరు దగ్గరికి పోయి, వెనక సీటు మీది దుమ్ము చేత్తో తుడిచి, "కాలేజికని కొన్నవు గద, రేపటి సంది కాలేజికి పో," అన్నాడు. స్కూటరు ఎందుకు కొన్నానో ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

అందుకని ఎల్లుండి గాక వచ్చే ఆదివారం నువ్వు రా. విత్తనాల పని ఉంటే నాలుగు రోజులు వెనక్కి పెట్టుకో. మంచం బయట మన ఎద్దుల కొట్టానికి ఎదురుగా వేయించమన్నాడు. అమ్మకు ఎట్లా చెప్పాలో నాకు తెలియదు, వదిన పక్కన ఉన్నప్పుడు చెప్పు. అమ్మకూ వదినకూ నా మొక్కులు, పిల్లలను అడిగినట్టు చెప్పు. నా మీద కోపం పెట్టుకోకు, నన్ను దీవించు.

ఇంకొక్క మాట. నాయిన నీ చేతి మీద కూడా తువ్వాలు కప్పుతాడు. నాకు ఆయన సంగతి తెలుసు, తప్పకుండా కప్పుతాడు. నువ్వు నాలాగా మొదట ఐదు వేళ్ళు పట్టకు. ఆ రోజుకు ఎన్ని మిగిలి ఉంటే అన్నే పట్టు.

నీ తమ్ముడు,
యాదగిరి