వాలుకు ఒదిగిన ఇల్లు

ప్రియమైన అక్కకు,

మనింటికి మంచి రోజులొచ్చాయి! ఇళ్ళ గురించి వేసే పత్రికవాళ్ళు నేను నీకోసం గీసిన ఇంటిని అచ్చువేస్తారట. వచ్చే నెల ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వస్తాను. హాల్లోకి చొచ్చుకొచ్చిన కొండరాయి, దాని పక్కగా దిగే మూడు మెట్లు, గాజు గోడ తప్పకుండా కావాలట. కొండను తవ్వకుండా, ఒక్క చెట్టూ కొట్టకుండా కట్టానని చెబితే ఎడిటరు నోరెళ్ళబెట్టాడు. అంతా అలాగే ఉంది కదా? బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. సంతోషించారు. ఇల్లు నువ్వు కట్టిచ్చినట్టే ఉంది. పొద్దున్నే గాజు గోడ ముందు కూర్చుంటే చెట్లు ఇంట్లోకి నడిచొచ్చినట్టుంటుంది. కానీ వచ్చే నెల వద్దురా. గచ్చు బాగుచేయిస్తున్నాను, ఇల్లంతా చిందరవందర. వానలు తగ్గాక నేనే రాస్తాను. వేళకు తిను.

ఎప్పటికీ నీ అక్క

అక్కకు,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. మొన్న అటువైపు పనిపడి, చెప్పకుండా వచ్చాను. మీరిద్దరూ ఇంట్లో లేరు. తాపీమేస్త్రీ సమ్మెటతో రాయిని పగలగొడుతున్నాడు. సగం అప్పటికే ముక్కలైంది. మెట్లున్న చోట సిమెంటు వాలు.

"ఎవరు చెయ్యమన్నారు?" అన్నాను.

"అమ్మగారేనండీ. ఎప్పుడో చెయ్యాల్సిందన్నారు."

పరాయివాళ్ళైతే పోట్లాడేవాణ్ణి. నువ్వు తియ్యగా అబద్ధం రాసి, నా వెనక ఈ పని చేయించావు. పత్రికవాళ్ళను రావద్దన్నాను. ఆ ఇంటికీ నాకూ ఇక సంబంధం లేదు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

అబద్ధం రాశాను. తప్పే. నిజం రాసినప్పుడు ఏమైందో గుర్తుందా? మీ బావకు పక్షవాతం వచ్చిన వారానికే రాశాను, ఎడమ కాలు ఈడుస్తున్నారు, మెట్ల దగ్గర వేరే దారేదైనా గీసి పంపమని. రెండు పేజీల జవాబిచ్చావు. ఆ మెట్లు కొండవట, తీస్తే ఇల్లు చచ్చిపోతుందట. ఆయనెలా ఉన్నారని ఒక్క ముక్క లేదు. మళ్ళీ రాశాను. హాల్లో పడే వెలుతురు గురించి రాశావు. మూడోసారి అడగలేదు.

నీ పత్రిక ఉత్తరం రావడానికి వారం ముందు ఆయన ఆ మెట్ల మీదే జారిపడ్డారు. నుదురు రాయికి తగిలింది. ఏడు కుట్లు. కళ్ళు తెరిచి మొదట అన్న మాటేమిటో తెలుసా? "మీ తమ్ముడికి చెప్పకు. వాడు తట్టుకోలేడు." అందుకే ఆ తియ్యటి ఉత్తరం. నువ్వొచ్చిన రోజు చక్రాల కుర్చీ తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాం.

కొండ ఏం కోరుకుంటుందో నీకు అంత బాగా వినబడిందే, తోడబుట్టినదాని మాట ఎలా వినబడలేదురా?

ఈ పొద్దున ఆయన పడగ్గదిలోంచి, ఆ సిమెంటు వాలు మీదుగా, వరండా దాకా తనంతట తానే కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు. నేను గరిటె పట్టుకునే వెనకాల పరిగెత్తాను. చెయ్యి ఊపి వద్దన్నారు.

ఆయన్ని చూడాలనిపిస్తే రా. ఇల్లు చూడ్డానికైతే రావద్దు.

అక్క