చెప్పులు మరిచిపోని చుక్కలు

అక్టోబరు 4, 1996
కదిలాయి! నా ప్రోగ్రాంలో 'నిప్పు' అనగానే కంప్యూటర్ తెర మీద చుక్కలన్నీ దగ్గరున్న తలుపు వైపు పరుగు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి, ఒక్కొక్కరి భయానికీ ఒక అంకె. మద్రాసు టి. నగర్‌లో మన చీరల కొట్టు నక్షానే వేశాను. ముందు తలుపులోంచి సగం, వెనక తలుపులోంచి సగం — అందరూ బయట. ప్రాజెక్టు గైడ్ సార్ నోట 'బాగుంది' రావడమంటే... ఈ జన్మకి చాలు!

అక్టోబరు 7
నిజం కొట్టులో వెనక తలుపు కనబడితేగా! అడ్డంగా మూటలు. దీపావళి జనం లోపలుండగా నిజంగానే నిప్పంటుకుంటే? నాయనతో గొడవ.
"సరుకు యాడ పెట్టమంటావు, నీ నెత్తినా?"
"పెట్టు నాయనా. తలుపు మాత్రం తియ్యి."
తీయించాడు. నాతో మాటల్లేవు. పోనీ.

అక్టోబరు 13
ఆదివారం రద్దీ. జనరేటర్ పొగ లోపలికి కొట్టింది. నిప్పనుకుని ఎవరో అరవంలో "నెరుప్పు!" అని కేక. వెనక తలుపు బార్లా తెరిచే ఉంది — ఒక్కరంటే ఒక్కరు అటు రాలేదు! అందరూ ముందు తలుపుకే. ఇటు రండని అరిచి అరిచి గొంతు పోయింది. ఒకావిడ నన్ను పక్కకి నెట్టి, "చెప్పులు ఆడుండాయి కదమ్మా!"
చెప్పులు! పరుపుల మీద కూర్చుని చీరలు చూసే కొట్టు. అందరూ ముందు గుమ్మంలో విప్పే వస్తారు. భయమేసినా కాళ్ళు అక్కడికే పోతాయి. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. నాకు మాత్రం తల తీసేసినట్టయింది.

అక్టోబరు 16
చుక్కలకి చెప్పులిచ్చాను. వచ్చిన దారినే పోవాలన్న పట్టు కూడా. ముందు తలుపు దగ్గర ఒకటే కుప్ప — అచ్చం ఆదివారమే! సంతోషంతో ఏడుపొచ్చింది.

అక్టోబరు 21
వెనక తలుపునే సందులోకి రెండో గుమ్మం చేశాం. బోర్డు, మామిడి తోరణం, చెప్పుల స్టాండు. అటు వచ్చినవాళ్ళు అటే పోతారు. నాయన మాట్లాడాడు — "బేరం పెరిగినట్టుండాదే!"

నవంబరు 8
గెలిచాం! సాయంత్రం కొట్టు కిటకిట. వీధిలో టపాసు నిప్పురవ్వ ఎగిరొచ్చి కిటికీ పక్క మూట అంటుకుంది. పొగ, కేకలు, పిల్లల ఏడుపులు. ముందు గుమ్మంలో వచ్చినవాళ్ళు ముందుకి, వెనక గుమ్మంలో వచ్చినవాళ్ళు వెనక్కి... తొక్కిసలాట లేదు, ఒక్కరికీ దెబ్బ లేదు. నా చుక్కలే! చెప్పులేసుకుని మరీ వెళ్ళారు మహాతల్లులు. సందులో నిలబడి పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను.

నవంబరు 12
సార్ లేచి నిలబడి చెయ్యి కలిపారు! ఇంటికొచ్చి అన్నం తింటూ అమ్మకి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. అంతా విని — "మీ నాయన ఏ గుమ్మంలోంచి వచ్చినాడే?"
రాలేదు. అందరూ పోయేదాకా తడి గోనెతో మంటని కొడుతూ అక్కడే ఉన్నాడు.
నాయనకీ ఒక చుక్క పెట్టాలి. భయం సున్నా వేద్దామంటే — ఆ రోజు కాఫీ ఇస్తే, చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయాడు. భయపడ్డాడు. అయినా కదల్లేదు.
దీన్ని ఎలా రాయాలి?