రోలర్‌కు ఎండదెబ్బ

ఎర్రగట్టు కట్ట పని,
తిరుమలగిరి దగ్గర,
ఏప్రిల్ 8, 1963.

మహారాజరాజశ్రీ అసిస్టెంట్ ఇంజనీరు యాదగిరి గారి దివ్యసముఖానికి, వర్క్ ఇన్‌స్పెక్టరు దశరథం, బి.ఏ., అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం.

ముందుగా క్షమాపణ. మట్టిని అణిచే రోలర్‌ను ప్రమాదం లేకుండా నడపడం గురించి తమరు పంపిన సూచనలు అందిన నాడే అమలు చేయకుండా, వాటిని చదివి అర్థం చేసుకునే నేరానికి పాల్పడ్డాను. డిగ్రీ చదివినవాడిని పనిలో పెట్టుకుంటే వచ్చే నష్టమే ఇది. నల్లగొండలో ఫ్యాను కింద కూర్చుని తమరు అంత శ్రమపడి రాసినదాన్ని మొరం కుప్ప మీద నిలబడి చదివినందుకు తల వంచి మన్నింపు కోరుతున్నాను. తల ఎలాగూ ఎండకు వంగే ఉంది.

ఇక అమలు సంగతి. వాలు మీద రోలర్ ఆపితే చక్రాలకు రాళ్లు అడ్డు పెడుతున్నాం. కొత్తగా పోసిన మట్టి అంచుకు పోకుండా గజం ఇవతలే తిప్పేస్తున్నాం. డ్రైవర్ ఇస్రాయేలు ఇంజను ఆపనిదే కిందికి దిగడు. ఇవన్నీ అతను సూచనలు రాకముందూ చేసేవాడే. ఇప్పుడు భయపడుతూ చేస్తున్నాడు.

రోలర్‌కు ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలన్నారు, జనం దగ్గరికి రాకుండా. నడిపించాం. కానీ నల్లగొండ జిల్లాలో ఎర్రజెండా ముందు నడిస్తే వెనక రోలర్ ఒక్కటే రాదని తమకు తెలియనిది కాదు. పక్క ఊరి జనమంతా వచ్చి "మీటింగు యాడ?" అని అడిగారు. లేదంటే కోపం చేశారు.

ఒక్క సూచన దగ్గర మాత్రం చిక్కు పడింది: "యంత్రానికి ఏదీ వేలాడదీయరాదు." ఈ కట్ట మీద చెట్టన్నది లేదు. ఉన్న నీడ రోలర్ మీది రేకు కప్పుది ఒక్కటే. మధ్యాహ్నం ఇస్రాయేలు ఇంజను ఆపి గటక తినడానికి కూర్చోగానే, తట్టలు మోసే సుక్కమ్మ, సైదమ్మ, బిక్షమ్మ తమ పసిపిల్లలకు ఆ కప్పు కమ్మీలకే పాత చీరలతో తొట్టెలలు కడతారు. మొన్న ఇస్రాయేలు చూసుకోకుండా ఇంజను తిప్పాడు. రోలర్ కదలలేదు గానీ, ఆ అదురుకు సైదమ్మ బిడ్డ తొట్టెల అంచు దాకా జారింది. సైదమ్మ తట్ట విసిరేసి పరుగెత్తిన పరుగు నేను చూశాను.

ఇక తొట్టెలలు కట్టొద్దని చెప్పాను. సుక్కమ్మ నన్ను ఎగాదిగా చూసి, "కట్టం తియ్యి సారూ. నీ గొడుగియ్యి, దాని కింద పండవెడ్తం" అంది. నాకు గొడుగు లేదు. కనుక నాలుగు తాటి దుంగలు, కాసిన్ని కమ్మలతో ఒక చిన్న పందిరికి మంజూరు ఇప్పించవలసిందిగా ప్రార్థన.

చిత్తగించవలెను,
దశరథం.

తా.క. మామా, అత్త పంపిన తొక్కు అందింది. జాడీ మీద "జాగ్రత్త" అని ఒక్క ముక్క రాసి పంపింది. నాలుగు కాగితాల తమ సూచనల కంటే అదే తొందరగా అర్థమైంది.


నల్లగొండ,
ఏప్రిల్ 15.

వర్క్ ఇన్‌స్పెక్టరు దశరథానికి,

నీ ఉత్తరం చేరింది. పొడుగు ఎక్కువైనందున హెడ్ క్లర్కు గురవయ్య గారు తీసిన సారాంశం చూశాను. తేలిన విషయాలు: పని జాగాలో ఎర్రజెండా ఊరేగింపు జరిగింది. అనుమతి లేని ముగ్గురు మనుషులు రోజూ మధ్యాహ్నం రోలర్ ఎక్కి నిద్రపోతున్నారు. నీవు గొడుగు అడుగుతున్నావు.

గొడుగు ఇవ్వబడదు. ఊరేగింపు ఎవరు తీశారో రాయాలి. ఆ ముగ్గురి పేర్లు, వయసు, వృత్తి, రోలర్ మీద నిద్రపోవడానికి కారణం వారి చేతనే రాయించి సంతకాలతో పంపాలి. వెంటనే పని నుంచి తొలగించాలి.

ఇట్లు,
యాదగిరి, అసిస్టెంట్ ఇంజనీరు.

తా.క. అల్లుడా, మా అక్క మొకం చూసి నిన్ను గీ కొలువుల వెట్టిచ్చిన. జెండాల జోలికి పోకు. జర నెత్తికి రుమాలు కట్టుకో. ఎండకు గట్లనే మాడితే పిల్లనెవ్వడిస్తడు?


ఎర్రగట్టు,
ఏప్రిల్ 20.

సారాంశప్రియులైన అసిస్టెంట్ ఇంజనీరు గారికి నమస్కారాలు.

ముగ్గురు ముద్దాయిల విచారణ పూర్తయింది. మొదటివాడు సుక్కమ్మ కొడుకు. వయసు తొమ్మిది నెలలు. వృత్తి పాకడం. కారణం రాసిమ్మంటే నా పెన్ను లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. రాతపూర్వకమైన సంజాయిషీకి ఇంతకంటే దగ్గరికి రాలేకపోయాం. రెండో ముద్దాయి సైదమ్మ కూతురు. వేలిముద్ర తీసుకోబోతే నా చొక్కా మీద వేసింది. చొక్కా కావాలంటే పంపుతాను. మూడో ముద్దాయికి పేరు లేదు. ఉప్పలమ్మ అని అమ్మమ్మ, యాదలక్ష్మి అని నాయనమ్మ పట్టు పట్టినందువల్ల పేరు ఇంకా పరిశీలనలో ఉంది. ఈ పరిస్థితిని తమ ఆఫీసు తప్పక అర్థం చేసుకోగలదు.

పని నుంచి తొలగించమన్నారు. తొలగించాను. ముగ్గురూ కదల్లేదు.

పిల్లలను ఇంటి దగ్గర విడిచి రమ్మంటే సుక్కమ్మ, "పాలెవలిస్తరు? మీ గురవయ్య సారిస్తడా?" అంది. ఈ ప్రశ్నను పై అధికారులకు నివేదిస్తానని చెప్పాను. నివేదించాను.

ఇకపోతే వేలాడదీయరాదన్న సూచన ఇప్పుడు అక్షరాలా అమలవుతోంది. తొట్టెలలు విప్పించేశాను. కాబట్టి పిల్లలు ఇప్పుడు నేల మీదే, రోలర్ నీడలోనే, చక్రాల పక్కన పడుకుంటున్నారు. నిబంధనకు ఏ భంగమూ లేదు. భంగం జరిగితే పిల్లలకే జరగాలి. ఇస్రాయేలు ఇంజను తిప్పే ముందు రోలర్ చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని చక్రాల కింద చూసి, "ఏసయ్యా" అని అప్పుడు ఎక్కుతున్నాడు. పందిరి విషయం ఇంకోసారి దయతో ఆలోచించ ప్రార్థన.

విధేయుడు,
దశరథం.

తా.క. రోలర్ పొద్దంతా ఎండలో ఉండటంతో దాని ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతోంది. రేకు కప్పు మీద అప్పడం పెడితే కాలుతుంది. ఇది అంత ముఖ్యం కాదు కనుక చివర రాశాను.


నల్లగొండ,
ఏప్రిల్ 26.
అతి జరూరు.

దశరథానికి,

నీ ఉత్తరం చివరి ముక్క చదివి ఆఫీసంతా నివ్వెరపోయింది. సర్కారు యంత్రాన్ని ఎండలో మాడ్చడం ఎంత నిర్దయ! పిల్లలు ఏ పద్దు కిందా రారు కనుక పందిరి ప్రశ్నే లేదు. రోలర్‌కు మాత్రం షెడ్డు తక్షణం మంజూరైంది. మూడు వైపులా తడకలు, పైన దట్టంగా తాటి కమ్మలు, ముందు వైపు రెండు దుంగల మధ్య దారి. గాలి బాగా ఆడాలి. పక్కనే నీళ్ల కుండ ఉండాలి. ఇకనుంచి రోలర్ ఒంటికి ఎండ తగిలితే బాధ్యత నీదే.

ఇట్లు,
యాదగిరి.

తా.క. గంత పెద్ద సంగతి తా.క.ల రాస్తవా, అల్లుడా? సదువుతుంటే గురవయ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.


ఎర్రగట్టు,
మే 4.

యంత్రవత్సలులైన అసిస్టెంట్ ఇంజనీరు గారి పాదపద్మాలకు,

తమ ఆజ్ఞ అందిన పూటే పని మొదలైంది. సర్కారు ఇంత వేగంగా కదలగలదని నాకు ఇన్నాళ్లూ తెలియదు. కల్లు గీసే కాటమయ్య తన వనంలో కూలిన తాటిచెట్ల దుంగలు, కమ్మలు ఇచ్చాడు. రోలర్‌కు ఒత్తుకోకుండా ఉండాలని నేల పేడతో అలికించాను. ఉక్కపోయకుండా తూర్పు తడకకు కిటికీ పెట్టించాను. కుండ కూడా తెప్పించి, దప్పికైతే ముంచుకుని తాగడానికి పక్కన గ్లాసు పెట్టించాను. పై దూలానికి గట్టి కొక్కేలు కొట్టించాను. రోలర్ ఎప్పుడైనా తువ్వాలు తగిలించుకోవాలనుకుంటే ఇబ్బంది పడకూడదు.

కొలతలో పొరపాటు రాకుండా రోలర్ వెడల్పును తాడుతో నేనే స్వయంగా కొలిచాను. ఆ తాడును ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

రోలర్ తరఫున, నా తరఫున కృతజ్ఞతలతో,
దశరథం.

తా.క. సుక్కమ్మ అడుగుతోంది: "మిషిన్‌కు ఎండ తగుల్తదని ఎరుకైనోళ్లకు పిలగాండ్లకు తగుల్తదని ఎరుక గాదా సారూ?" బి.ఏ.లో ఈ ప్రశ్న రాలేదు. అందుకే ప్యాసయ్యాను.


నల్లగొండ,
మే 12.

దశరథానికి,

గురవయ్య గారు బస్సులో పోతూ ఎర్రగట్టు దగ్గర దిగి, స్వయంగా చూసి వచ్చి చెప్పిన సంగతులు ఇవి: రోలర్ నడి ఎండలో నిలబడి ఉన్నది. షెడ్డులో దూలానికి మూడు తొట్టెలలు ఊగుతున్నాయి. గురవయ్య గారు లోపలికి అడుగు పెట్టబోతే ఒక ఆడమనిషి "చెప్పులిడిచి రా సారూ, ఇప్పుడే అలికినం" అన్నది. ఆయన విడిచారు. తిరిగి వచ్చేసరికి ఒక చెప్పు ఒక పిల్లవాడి నోట్లో ఉన్నది.

దీనికి సంజాయిషీ ఏమిటి? వచ్చే గురువారం పెద్ద ఇంజనీరు గారు తనిఖీకి వస్తున్నారు. ఆ వేళకు రోలర్ లోపల ఉండాలి, పిల్లలు బయట ఉండాలి. లేకపోతే నీ కొలువు రద్దు. షెడ్డు పీకించి దుంగలు వేలం వేయించబడును.

ఇట్లు,
యాదగిరి.

తా.క. అల్లుడా, నీకు దండం వెడ్త. గా ఒక్క దినం రోలర్‌ను లోపలికి తోలియ్యి. రేపు నిన్ను తీసేస్తే మా అక్కకు నేనేం జెప్పాలె? మీ అత్త రెండు దినాల సంది నాతోని మాట్లాడ్తలేదు. పిలగాండ్లను ఎండల వెట్టుమన్నది నేనేనంట.


ఎర్రగట్టు,
మే 17.

మామ గారూ, అసిస్టెంట్ ఇంజనీరు గారూ అయిన యాదగిరి గారికి నమస్కారాలు.

నిన్న గురువారం తమరికి జ్వరం వచ్చి రాలేకపోయారని తెలిసి విచారించాను. అంత సమయానికి వచ్చే జ్వరం అందరికీ దొరకదు. గురవయ్య గారి సారాంశం వేరేలా ఉండవచ్చు కనుక జరిగింది రాస్తున్నాను.

పెద్ద ఇంజనీరు గారు నడి మధ్యాహ్నం వచ్చారు. ఎర్రజెండా ముందు, దాని వెనక రోలర్, దాని వెనక యథాప్రకారం సగం ఊరు. ఇస్రాయేలు షెడ్డు ముందు దుంగల దాకా తెచ్చి, ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి దిగాడు.

"పోదు సారూ" అన్నాడు.

"ఎందుకు పోదు?" అన్నారు గురవయ్య గారు.

"దుంగలు తగుల్తున్నయ్. తోలితే షెడ్డంత మీద కూలుతది."

"కూలనీ! తోలు!"

ఇస్రాయేలు జేబులోంచి తమరు పంపిన సూచనల్లో ఒక కాగితం తీశాడు. నాలుగు మడతలు వేసి, చెమటకు తడిసి ఉంది. "ముంగట మనుషులుంటే రోలర్ కదిలియ్యొద్దని గీండ్ల ఉన్నది సారూ. లోపట ముగ్గురున్నరు. నువ్వు సంతకం వెట్టు, నేను తోల్త" అన్నాడు.

గురవయ్య గారికి ఆ క్షణాన పెన్ను దొరకలేదు.

పెద్ద ఇంజనీరు గారు వంగి లోపలికి చూశారు. "ఈ పిల్లలెవరు?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా సుక్కమ్మ, "రోలర్ పిల్లలు సారూ. ఇన్నొద్దులు దాని నీడకే పెరిగిండ్రు" అంది.

ఆయన నవ్వలేదు. చెప్పులు విడిచారు. లోపల కూర్చుని, టోపీ కొక్కేనికి తగిలించి, రోలర్ కుండలోని నీళ్లు రోలర్ గ్లాసుతో తాగారు. కాసేపు కళ్లు మూసుకున్నారు. పేరు లేని ముద్దాయి ఏడిస్తే కూర్చున్న చోటి నుంచే తొట్టెల ఊపారు. తర్వాత లేచి, "యంత్రానికి ఏదీ వేలాడటం లేదు. చక్రాల దగ్గర ఎవరూ లేరు. సూచనలు ఇంత చక్కగా అమలైన పని నేను చూడలేదు. ఈ షెడ్డు తీయవద్దు" అని జీపెక్కారు.

కాబట్టి షెడ్డు ఉంది, నా కొలువు ఉంది, అత్తతో తమకు మాటలు ఉంటాయి. ఒక్క చిక్కు మిగిలింది. మంజూరైన షెడ్డులో పట్టనంత వెడల్పుగా రోలర్‌ను ఎందుకు చేశారో సంజాయిషీ ఇవ్వమని, సముద్రం అవతలి కంపెనీ వారికి గురవయ్య గారు నోటీసు రాస్తున్నారట. పాపం, వాళ్లు చలి దేశం వాళ్లు. ఈ ఎండ సంగతి వాళ్లకేం తెలుసు? ఆ నోటీసు ఓడ ఎక్కకముందే తమకొక మాట చెప్పుకోవాలి. అది ఆఫీసు కాగితంలో పట్టదు, తా.క.లో రాస్తున్నాను.

చిత్తగించి, చింపేయవలెను,
దశరథం.

తా.క. మామా, ఊరేగింపు నేను తీయలేదు. పిల్లలను రోలర్ నేను ఎక్కించలేదు. సుక్కమ్మకు మాటలు నేను నేర్పలేదు, ఆమెకు ఆ అవసరమూ లేదు. గురవయ్య గారి చెప్పు నేను తినిపించలేదు. నేను చేసింది ఒక్కటే. తాడుతో రోలర్ వెడల్పు సరిగ్గా కొలిచి, దుంగలకు గుంతలు తీయించే ముందు, ఆ తాడును జానెడు కోసేశాను.